మంత్రసాని సాక్ష్యం

ఒకానొక రాజ్యంలో రాజుగారికంటే ముందు ఆయన బిరుదులు సభలోకి వచ్చేవి. వందిమాగధులు వాటిని చదివి ముగించేసరికి నిలబడ్డవాళ్ళ కాళ్ళు పీకేవి. ఆ రాజు పేరు ఉద్దండభూపతి. ఆయనా, సేనాపతి అనంతభూపతీ కవలపిల్లలు. ఉద్దండభూపతి అరఘడియ ముందు పుట్టాడు కాబట్టి సింహాసనం ఆయనది. ఆ అరఘడియ ముందు పుట్టడాన్ని ఏదో యుద్ధం గెలిచినట్టు ఆయన చెప్పుకునేవాడు.

ఒకనాడు సభకు ఒక ఫిర్యాదు వచ్చింది. కోతల రోజుల్లో, మిట్టమధ్యాహ్నం, జనమంతా పొలాల్లో ఉండగా మల్లవరం వెలివాడలో ఇరవైరెండు గుడిసెలు కాలిపోయాయి. వాడ పక్కనుంచి కొత్తగా కాలువ తవ్వారు. దాంతో బీడు కాస్తా మాగాణి అయింది. ఆ నేల తనదేననీ, వాడవాళ్ళు అమావాస్యలోగా ఊరు విడిచిపోవాలనీ గ్రామాధికారి నాగభూషణుడు చాటింపు వేయించాడు. గుడిసెలు ఎలా కాలాయంటే, ఎవరి పొయ్యిలోంచో నిప్పురవ్వ ఎగిరిందన్నాడు.

చూసిన మనిషి ఒక్కతే ఉంది. ముత్యాలి అనే మంత్రసాని, డెబ్బై దాటిన ముసలిది. నాలుగు రోజుల బాలింతకు తోడుగా ఆ వేళ వాడలోనే ఉంది. గ్రామాధికారి మనుషులు కాగడాలు పట్టుకుని రావడం కళ్ళారా చూసింది. వాళ్ళలో ఇద్దరు ఆమె చేతులమీద పుట్టినవాళ్ళే. బాలింతనూ బిడ్డనూ బయటికి లాక్కొచ్చేసరికి ఆమె చేతులు మోచేతులదాకా బొబ్బలెక్కాయి.

ముత్యాలిని సభలోకి రానివ్వలేదు. వాకిట్లో ఎండలో నిలబెట్టారు. ఒక భటుడు ఆమె మాట విని లోపలికి వచ్చి చెప్పబోతే ధర్మాధికారి శేషావధాని చెయ్యెత్తి ఆపాడు. వెలివాడ మనిషి సాక్ష్యం చెల్లదనీ, చెల్లని మాటను సభలో పలకడం కూడా దోషమేననీ తాంబూలం నములుతూ సెలవిచ్చాడు.

ఈ కథ వినే పిల్లలు ఇక్కడ తప్పకుండా అడ్డుపడతారు. మరి ఆమె చూసింది కదా అంటారు. చూసింది. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ తలెత్తలేదు. ఎందుకని అడిగితే కథ చెప్పే పెద్దవాళ్ళు గొంతు సవరించుకోవడం తప్ప ఏమీ చెయ్యలేరు.

రాజు తీర్పు చెప్పబోతుండగా తిప్పన్న లేచాడు. హాస్యానికి ఆస్థానంలో పేరుపడ్డవాడు. ఆయన నాగభూషణుణ్ణి ఒక్కమాట అనలేదు. అవధానిగారి నిర్ణయం ఎంతో గొప్పదని మెచ్చుకుని, ఒక చిన్న సందేహం తీర్చమన్నాడు.

"ఈ నియమం ఇవాళ పెట్టిందా, అవధానిగారూ?"

"తరతరాలుగా ఉన్నదే. మా తాతగారి తాతగారూ ఇదే చెప్పారు."

"పల్లెల్లోనేనా, కోటలో కూడానా?"

"కోటలో అయితే మరీను."

"పోనీ, అలాంటి మనిషి మాట విని ఒక పెద్దమనిషి చెబితే?"

"తిప్పన్నా, చెల్లని మాటను ఎంత పెద్దవాడు మోసుకొచ్చినా చెల్లదయ్యా. విన్నది చూసినదానితో సమానమవుతుందా?" అని అవధాని సభకేసి చూసి నవ్వాడు. రాజు మెచ్చుకోలుగా తలూపాడు.

తిప్పన్న చేతులు జోడించి సింహాసనం వైపు నడిచాడు. మొక్కు అందుకోవడానికి రాజు గడ్డం పైకెత్తాడు. తిప్పన్న ఆయన్ను దాటిపోయి, పక్క ఆసనంలో ఉన్న అనంతభూపతి ముందు సాష్టాంగపడి, "మహారాజుకు జయము" అన్నాడు.

వింజామరలు ఆగిపోయాయి. అనంతభూపతి పామును చూసినట్టు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. తల తీయించదగ్గ నేరం అది.

"నీకు మతిపోయిందా?" అన్నాడు రాజు.

తిప్పన్న లేచి ఉత్తరీయం సర్దుకుని వినయంగా చెప్పాడు. కవలలు పుట్టినవేళ తల్లి మహారాణి స్పృహలో లేదు. వైద్యుడూ పురోహితుడూ గడపకు ఇవతలే ఉన్నారు. లోపల ఉన్నది మంత్రసాని ఒక్కతే. మొదటి బిడ్డ కాలికి నల్లదారం కట్టి, ఈయన పెద్దబాబు అని చెప్పి పెద్దమహారాజు చేతికిచ్చింది. ఆయన విన్నాడే గాని చూడలేదు. ఇక ఆ మంత్రసాని మాటే చెల్లకపోతే ఇద్దరిలో ఎవరు పెద్దో చెప్పగలవాళ్ళు లోకంలో లేరు.

"అందుకని ఈ పూట వారికి మొక్కాను. రేపు తమకు మొక్కుతాను."

అవధాని తాంబూలం నమలడం మానేశాడు. రాజుగారి జాతకచక్రం ఉంది కదా అని గొణిగాడు. దానికి వేళ చెప్పిందెవరండీ అని తిప్పన్న అడిగాడు.

"ఎవరా మంత్రసాని?" అన్నాడు రాజు.

"కోటలో పాత దాసీలందరికీ తెలుసు, ప్రభూ. ఇప్పుడు వాకిట్లో ఎండలో నిలబడి ఉంది."

ఉద్దండభూపతి ముఖంలో నెత్తురు లేదు. బిరుదులన్నీ ఒక ముసలమ్మ నోటిమాట మీద నిలబడి ఉన్నాయని ఆయనకు అంతవరకూ తెలియదు. ఆమెను లోపలికి పిలిపించాడు. నున్నటి రాతినేలమీద ఆమె పాదాల మసి అచ్చులు పడ్డాయి.

"ముసలమ్మా, నిజం చెప్పు. మాలో ముందు పుట్టిందెవరు?"

"నా మాట చెల్లదంట కదయ్యా," అంది ముత్యాలి. "చెల్లని మాట తమకెందుకు?"

"అడిగేది నేను. చెల్లుతుంది."

"ఇదొక్కటే చెల్లుద్దా? నాకున్నది ఒక్క నోరే. తమ పుట్టుక చెప్పాల్సిందీ ఇదే, మా గుడిసెలు ఎవరు కాల్చారో చెప్పాల్సిందీ ఇదే. ముందు గుడిసెల మాట చెప్పనియ్యండి."

రాజు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు అన్నకంటే ఆత్రంగా ముసలమ్మ నోటికేసి చూస్తున్నాడు. అది చూశాక రాజు ఆలస్యం చెయ్యలేదు. ఈ రాజ్యంలో ప్రతి మనిషి సాక్ష్యమూ చెల్లుతుందని శాసనం రాయించి, అవధాని చేతే పైకి చదివించాడు.

ముత్యాలి చెప్పింది. ఎవరు ఏ గుడిసెకు నిప్పు పెట్టారో, నాగభూషణుడు ఎక్కడ నిలబడి చెయ్యి చూపించాడో, తడిక సందుల్లోంచి చూసిందంతా పేరు పేరునా చెప్పింది. బాలింత ఉన్న గుడిసెకు బయటినుంచి గొళ్ళెం పెట్టారనీ, తాను వెనక తడిక చీల్చి బయటపడ్డాననీ చెప్పి, బొబ్బలెక్కిన చేతులు చాపి చూపించింది. అంతదాకా కదలని సభలో ఎవరో అయ్యో అన్నారు. ముందు వరసలో కూర్చున్న నాగభూషణుణ్ణి భటులు రెక్కపట్టి లేపారు. నేల వాడవాళ్ళదేనని రాజు తీర్పు చెప్పాడు.

"ఇక మా సంగతి," అన్నాడు తర్వాత.

"పెద్దవారు తమరేనయ్యా. పుట్టగానే ఏడవలేదు, ఒళ్ళంతా నీలం. కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసి వీపుమీద నాలుగు చరిచాను. అప్పుడుగాని తమకు ఊపిరి ఆడలేదు."

"ఇవాళ అయిదోది పడింది," అన్నాడు తిప్పన్న మెల్లగా.

రాజు భుజం కదిపి, వీపు తడుముకున్నంత పనిచేసి, పగలబడి నవ్వాడు. అనంతభూపతి కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

రాజు తిప్పన్నకు పట్టుశాలువా కప్పించాడు. ముత్యాలికి తన కంకణం తీసి ఇవ్వబోయాడు. ఈ బొబ్బల మీద అదెక్కడ ఎక్కుద్దయ్యా అంది ఆమె. అయితే ఏం కావాలో అడగమన్నాడు.

"మావాళ్ళు పదకొండుమంది బయట ఎండలో ఉన్నారయ్యా. తలా ఒక మాట ఉంది. వాళ్ళనీ లోపలికి రమ్మనండి."

రాజు పిలిపించాడు. పదకొండో మనిషి చెప్పడం ముగించేసరికి రాజుగారి భోజనం చల్లారిపోయింది.