బంగారు పూత పూసిన కుండ

మల్లెకోన రాజు పెద్దిభూపతికి వింతలంటే పిచ్చి. ప్రతి శుక్రవారం కొలువులో ఏదో ఒక వింత చూడాల్సిందే. ముట్టుకుంటే ముడుచుకునే మొక్కను తెస్తే, సభంతా వరసకట్టి ముట్టుకుని మూడు రోజుల్లో దాని ప్రాణం తీసింది. ఎండలో పెడితే నిప్పు పుట్టించే గాజుబిళ్ళ తెస్తే, సేనాపతిగారి మీసం ఒక పక్క కాలిపోయింది. అయినా రాజుగారి ముచ్చట తీరలేదు.

ఈ వింతలన్నిటికీ పెద్ద, ఆస్థాన పండితుడు శోభనాద్రి భట్టు. తనకు తెలియని శాస్త్రం లేదని భట్టు చెప్పుకునేవాడు. ఇంకెవరూ చెప్పకపోవడంతో ఆ పని కూడా ఆయనే చూసుకోవలసి వచ్చింది.

ఆ కోటలో ఒక ఆచారం ఉంది. రాజుగారి ఎదుటికి వచ్చే వస్తువేదైనా బంగారు మెరుగు లేనిదే రాకూడదు. పళ్ళు తోముకునే వేపపుల్లకు కూడా రేకు చుట్టేవారు. పాపం, నలభై ఏళ్ళొచ్చినా రాజుగారికి వేప చేదు తెలియదు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. రాజుగారు సభలో అడిగారు.

"వచ్చే శుక్రవారం పొరుగు రాజు వస్తున్నాడు. పళ్ళు జివ్వుమనేంత చల్లటి నీళ్ళివ్వాలి. ఎవరివల్ల అవుతుంది?"

భట్టు ముందుకొచ్చాడు. బంగారు బిందెలో నీళ్ళు పోయించి, చుట్టూ ఎనిమిది మందిని నిలబెట్టి గంటసేపు విసిరించాడు. నీళ్ళు చల్లబడలేదు గానీ విసిరినవాళ్ళలో ఇద్దరు సొమ్మసిల్లారు.

రాజుగారు ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. "భట్టుగారూ, కాస్త చింతపండు వేస్తే చారైపోతుంది."

నీళ్ళ గది చూసే గవరయ్యకు నవ్వు ఆగలేదు. గబగబా వెళ్ళి, పనివాళ్ళు తాగే మట్టికుండలోంచి ఒక చెంబెడు ముంచి తెచ్చాడు. రాజుగారు తాగారు. కళ్ళు మూసుకున్నారు. ఇంకో చెంబు అడిగారు.

"ఇదెలారా గవరయ్యా?"

"కుండకి చెమట పడతాది మారాజా. అందుకే..."

"కుండకు చెమటా!" భట్టు అడ్డొచ్చాడు. "వీడి శాస్త్రం మండినట్టే ఉంది. అయినా నీళ్ళోడే మట్టికుండను ఇలాగే అతిథి ముందు పెడతామా ప్రభూ? ఆచారం ఏమైపోవాలి? నాకు వదిలేయండి."

ఆ కుండను భట్టు ఇంటికి పట్టుకుపోయి, ఒళ్ళంతా లక్క పూయించి, పైన బంగారు రేకు అంటించాడు. గవరయ్య వెంటపడి బతిమాలాడు.

"అయ్యా, పూత పూసేస్తే కుండకి గాలి ఆడదండి."

"ముక్కు లేనిదానికి గాలెందుకురా?" అన్నాడు భట్టు.

శుక్రవారం పొరుగు రాజు వచ్చాడు. ధగధగలాడే కుండను చూసి ముచ్చటపడ్డాడు. నీళ్ళు తాగి, చెంబు మెల్లగా కింద పెట్టాడు.

"మా కోటలో స్నానానికి ఇలా కాచి ఇస్తారండి. తాగడానికి ఇవ్వడం ఇక్కడే చూశాను."

పెద్దిభూపతి ముఖం కందగడ్డయింది. భట్టు సందు దొరికించుకున్నాడు. "నేననుకుంటూనే ఉన్నాను ప్రభూ. ఆ రోజు వీడు ఏదో కనికట్టు చేశాడు."

"గవరయ్యా! పొద్దుగూకేలోగా పెళ్ళాం పిల్లలతో కోట దాటు!"

గవరయ్యది పన్నెండేళ్ళ కొలువు. ఇంట్లో తినే నోళ్ళు ఆరు. కానీ భయం కంటే కోపం ఎక్కువైంది. ఏ తప్పూ చెయ్యని కుండను పాడుచేసినవాడు అక్కడ దర్జాగా మీసం దువ్వుతున్నాడు మరి.

చేతులు కట్టుకుని అడిగాడు. "పోతాను మారాజా. ఒక్క మనవి. ఈ కుండకి ఇంత అందం తెచ్చింది భట్టుగారు. అంత కష్టపడ్డ పండితుడికి సన్మానం చెయ్యకపోతే, అతిథి ముందు మన పరువేం కాను?"

సన్మానం మాట వినగానే భట్టు మెడ దానంతటదే ముందుకు వంగింది. అలవాటైన మెడ. రాజుగారికి చిత్రంగా అనిపించినా, అతిథి ఎదుట కాదనలేక సరే అన్నారు.

గవరయ్యే దగ్గరుండి అందించాడు. పట్టుశాలువా ఒకటి. జరీశాలువా ఒకటి. మంత్రిగారి తరఫున ఒకటి, సేనాపతిగారి తరఫున ఒకటి. ఆఖరున, వానలో పల్లకీకి కప్పే మైనపు గుడ్డను మెడ నుంచి మడమల దాకా బిగించి చుట్టి, దాని మీద బంగారు రేకులు అద్దాడు.

"ఇప్పుడు తమరు అచ్చం ఆ కుండలాగే ఉన్నారు బాబూ! నాలుగు మాటలు సెలవియ్యండి."

భట్టు నాలుగు మాటలతో ఆగే మనిషి కాదు. తన వంశంతో మొదలుపెట్టాడు. ముత్తాత దగ్గరికొచ్చేసరికి మొహం ఎర్రబడింది. తాత దగ్గరికొచ్చేసరికి చెంపల మీంచి ధారలు కారాయి. తండ్రి పేరు నోట్లోనే ఉండిపోయింది.

"తియ్యండి! తీసెయ్యండి!" అని గావుకేక పెట్టాడు. "ఒంటికి గాలి ఆడటం లేదు! పట్టిన చెమట ఆరే దారి లేదు! లోపల ఉడికిపోతున్నాను బాబోయ్!"

గవరయ్య రాజుగారి వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

"కుండ చెప్పేదీ అదే మారాజా. పాపం, దానికి నోరు లేదు."

ముందు నవ్వింది పొరుగు రాజు. ఆ వెనక పెద్దిభూపతి పొట్ట పట్టుకుని నవ్వారు.

"మట్టికుండ ఒళ్ళంతా కంటికి ఆనని సందులుంటాయండి," అన్నాడు గవరయ్య. "నీళ్ళు వాటిలోంచి ఊరి పైకొస్తాయి. గాలికి ఆరిపోతా లోపలి వేడిని లాక్కుపోతాయి. లక్కతో ఆ సందులు మూసేస్తే ఇంకేం చల్లబడతాయి?"

అప్పటికప్పుడు పూత లేని కుండ తెప్పించారు. అతిథి రెండు చెంబులు తాగాడు. మూడోది, చుట్టు విప్పించుకున్న భట్టు లాక్కుని గటగటా తాగేశాడు.

రాజుగారు గవరయ్యకు రెండెకరాల మాన్యం రాసిచ్చి, నీళ్ళ గదికి బంగారు మెరుగు ఆచారం ఎత్తేశారు. "ఇంకేం కావాలో కోరుకోరా! సన్మానం చేయించమంటావా?"

గవరయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు మారాజా, రోహిణి కార్తె పోనీండి!"