గానుగెద్దు కొన్న పుస్తకం

దుర్మతి నామ సంవత్సరం, నడి ఎండాకాలం. నువ్వుల గానుగ ఉన్న పాకలో రెండే కట్టుకొయ్యలు. ఒకటి పుల్లన్న అనే ఎద్దుది, రెండోది చుక్క అనే మేకది. గానుగ తిప్పడం పుల్లన్న పని. కళ్లకు గంతలు కట్టాక పక్కన ఎవరూ మాట్లాడకూడదు. అదీ అతని పద్ధతి.

కొండ మీద జంతువుల వర్తక విద్యాలయం ఉంది. డిగ్రీ అయినవాళ్లకు తొలకరిలో ప్రవేశ పరీక్ష పెడతారు. నెగ్గి చదివితే సంతలో పెద్ద కొలువు. పుల్లన్న, చుక్క ఇద్దరూ డిగ్రీ చదివినవాళ్లే. కాకపోతే పుల్లన్న వయసుకు ఇదే ఆఖరి అవకాశం. తప్పితే బతుకంతా గానుగే.

నేర్పేవాళ్లు చుట్టుపక్కల లేరు. సొంతంగా చదువుకోవాలి. పుస్తకాల కోసం ఇద్దరూ సంతకు వెళ్లారు. నక్క పుస్తకాల గుట్ట పక్కన కూర్చుని ఉంది.

"రా ఎద్దుబావా, నీ తలకాయకు తగ్గది ఒకటే ఉంది," అంటూ లావు పుస్తకం ముందుకు తోసింది. "ప్రతి ప్రశ్న కిందే జవాబు. వెతుక్కునే పనే లేదు."

చుక్క మెడ చాచి చూసింది. "మామా, విద్యాలయం వాళ్లే పాత ప్రశ్నపత్రాలు ఇస్తున్నారు. ముందు అవి చేద్దాం. ఎక్కడ తప్పుతున్నామో చూసుకుని, దానికి తగ్గ పుస్తకం కొందాం."

"అవన్నీ పాత చింతకాయ పచ్చడి," అంది నక్క. "అయినా మేకకు కాగితం కనబడితే చదవాలనిపిస్తుందా, నమలాలనిపిస్తుందా?"

పుల్లన్న నవ్వాడు. దాచుకున్న తెలకపిండి అంతా నక్కకిచ్చి లావు పుస్తకం తెచ్చుకున్నాడు.

పాకలో చుక్క పాత పత్రం పరిచింది. "ఈ పాక స్తంభం నీడ నీళ్లతొట్టిని తాకేలోపు ఇది పూర్తిచెయ్యాలి మామా. నువ్వడుగు, నేను చెబుతాను. తర్వాత నేనడుగుతాను."

"నీ అరుపు నా చదువుకు అడ్డం."

"పోనీ, జవాబు మీద ఆకు కప్పి చదువు."

"ఆకు కప్పితే సగం రావు."

"రానిదేదో తెలుస్తుంది కదా."

"పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ. నేను తిరిగినంత నువ్వు తిరగలేదు. తిరిగితే నూనె దిగుతుంది, అంతే. నువ్వు అవతలికి పోయి చదువుకో."

 చుక్క పత్రాలు నోట కరుచుకుని వాగు అవతలి మేకల మందలోకి వెళ్లిపోయింది. అక్కడ పరీక్షకు చదివే మేకలు ఒకరినొకరు ప్రశ్నలడుగుతూ, తప్పు చెబితే వెక్కిరించుకుంటూ చదివారు. గాలి ఇటు తిరిగినప్పుడు ఆ నవ్వులు పాకలోకి వచ్చేవి. పుల్లన్న చెవులు విదిలించి పేజీ తిప్పేవాడు. పుస్తకం అయిపోతే మళ్లీ మొదటికి. ప్రశ్న చదవబోతుండగానే కింద జవాబు కంటికి తగిలేది. ఇది నాకు వచ్చిందే అనుకునేవాడు. ఒకరోజు ఒక పెద్ద లెక్క తేలిగ్గా తేలిందనిపించి, "చూశావా చుక్కా," అన్నాడు. కట్టుకొయ్య పలకలేదు.

తొలకరి పడింది. పరీక్షలో ప్రశ్నలన్నీ కొత్తవి. పుల్లన్న ప్రతి ప్రశ్న కిందకీ చూశాడు. అక్కడ తెల్లకాగితమే ఉంది. రెండో పుట తిప్పకముందే గంట కొట్టారు.

తిన్నగా నక్క దగ్గరికి వెళ్లాడు. "మోసం చేశావు."

"ప్రశ్న కింద జవాబుందన్నాను, ఉంది. నీ తలలో ఉందన్నానా బావా?" అంది నక్క. "తిరిగితే నూనె దిగుతుందన్నావట. ఉత్త గానుగ తిప్పితే ఏం దిగుతుంది?"

పరీక్ష నెగ్గి కొండకు వెళ్లేముందు చుక్క పాకకు వచ్చింది. "వెళ్లొస్తాను మామా," అంది. పుల్లన్న గానుగలో ఉన్నాడు. గంతల వల్ల ఆమె ముఖం కనబడలేదు. ఆగి ఒక మాట అనాలనుకున్నాడు. అప్పటికే ఆమె మెడగంట దూరమైంది.

జవాబు చూస్తూ చదివినవాడికి చదువు వచ్చినట్టుంటుంది, రాదు.

పుల్లన్న ఆ గానుగ దగ్గరే ముసలివాడయ్యాడు. రెండో కట్టుకొయ్య దగ్గరికి మళ్లీ ఎవరూ రాలేదు.