తవ్వని గోదా

మా గురువుగారు దాసన్న వస్తాదుకు జవాబు తెలియని ప్రశ్న ఈ విజయనగరంలో ఇంకా పుట్టలేదు. ఆయన సూటిగా జవాబు చెప్పిన ప్రశ్న కూడా ఇంతవరకూ పుట్టలేదనుకోండి, కొత్తగా చేరినవాళ్లకు ఆ సంగతి మేం ముందుగా చెప్పం. మెడ మీద పడిన పట్టు ఎలా విడిపించుకోవాలని అడిగితే, బురదలో దిగబడిన ఎవరి ఎద్దు గురించో మొదలుపెడతారు. అడిగినవాడు ఇంటికెళ్లి ఆలోచించుకోవాలి. నాబోటివాడైతే ఇంటికెళ్లి అన్నం తిని మరిచిపోతాడు.

తాతబాబు మరిచిపోయే రకం కాదు. కానిస్టేబులు ఉద్యోగానికి వయసు దాటిపోకముందు అతనికి మిగిలిన ఆఖరి అవకాశం ఈ ఏడే. చీకటుండగానే మైదానంలో పరుగు, ఆ వెంటనే మా తాలింఖానాలో కుస్తీ, పగలు సిమెంటు కొట్లో బస్తాలు, రాత్రి పరీక్ష పుస్తకాలు. నిద్ర సంగతి అడిగితే, ఉద్యోగం వచ్చాక పడుకుంటాననేవాడు. జిమ్ములో ఎవరో చెప్పారని సంచిలో రెండు డబ్బాలు పెట్టుకు తిరిగేవాడు. ఒకటి కండలు తొందరగా కోలుకోవడానికి పాలలో కలుపుకునే పొడి. ఆ డబ్బా మీది బొమ్మలో మనిషికి మెడ లేదు. రెండోదాంట్లో చదువు మీద మనసు నిలవడానికి మింగే మాత్రలు. కండ పని పొడి చూసుకుంటుంది, బుర్ర పని మాత్ర చూసుకుంటుంది, మరి మధ్యలో నువ్వెందుకురా అని నేను ఏడిపించేవాణ్ని. మొదట్లో నవ్వేవాడు. తర్వాత్తర్వాత గ్లాసు ఎత్తితే పాలు తొణికి చేతుల మీద పడేవి. ఒకరోజు పట్టులో ఉండగా అతని గుండె నా ఛాతీకి తగిలింది. నీళ్లు అందని మోటారులా కొట్టుకుంటోంది. ఆ రోజు నుంచి నేను ఏడిపించడం మానుకున్నాను.

పరుగు పరీక్ష దగ్గరపడ్డాక ఒక శనివారం సాయంత్రం అతను గోదా గట్టు మీద గురువుగారి పక్కన కూర్చుని అడిగేశాడు.

"గురూగారూ, పొడి తాగినా కాళ్లు తేలికపడట్లేదు. మాత్ర మింగినా అక్షరాలు పాకుతున్నాయి. రెండూ రెట్టింపు చెయ్యమని జిమ్ములో అంటున్నారు. చెయ్యమంటారా?"

గురువుగారు డబ్బాల వంక చూడనైనా లేదు. సింహాద్రి అని, తనతోపాటు కుస్తీ నేర్చుకున్న మనిషి సంగతి ఎత్తుకున్నారు.

మా తాలింఖానాలో ఆ రోజుల నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. వారమంతా తొక్కిన గోదా మట్టిని శనివారం సాయంత్రం మోకాటి లోతున తవ్వి తిరగేస్తారు. మర్నాడు అందులో ఎవరూ కాలు పెట్టరు, గురువైనా సరే. ఒక ఏడు దసరా పోటీల ముందు, వాళ్లిద్దరికీ కుస్తీ నేర్పిన పెద్దగురువుగారు పొరుగూరు వెళుతూ గోదాను సింహాద్రికి అప్పగించారు. అందరిలోకీ బలమైనవాడు, నవ్వించడంలోనూ ముందుండేవాడు. తవ్వితే ఒక రోజు పోతుంది, పోటీ ముందు రోజు పోగొట్టుకునేవాడు పిచ్చివాడన్నాడు. మట్టి బలం తగ్గితే బలం పెడదాం అని రోజూ పైన నువ్వులనూనె పోశాడు, పసుపు చల్లాడు, మజ్జిగ చిలకరించాడు, అరచేత్తో మెత్తాడు. కాలు పెడితే వెన్న మీద పెట్టినట్టుండేది. వీధి చివరికి వాసన. ఇంత మంచి గోదా పెద్దగురువుగారి చేతిలో కూడా చూడలేదని కుర్రాళ్లంతా మెచ్చుకున్నారు. పై శనివారం కూడా తవ్వలేదు. ఆ పై శనివారం తవ్వుదామా అని అడిగినవాడు కూడా లేడు.

ఒక ఉదయం కొత్తగా వచ్చినవాడొకడు సింహాద్రిని నడుం పట్టి ఎత్తి వేశాడు. పెద్ద పట్టేం కాదు. పూటకోసారైనా పడి, చెవిలో మట్టి దులుపుకుని లేచేదే. ఆ పూట లేవలేదు. వేళాకోళం చేస్తున్నాడనుకున్నారు. ఒకడు అరికాలు గిల్లాడు. ఇంకోడు ముక్కు మూశాడు. కళ్లు మాత్రం ఒక్కొక్కరి ముఖం మీదికీ తిరుగుతున్నాయి. నవ్వుతున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆపేశారు.

తర్వాత గునపం వేస్తే, నాలుగు వేళ్ల మందం కింద ఖంగుమందట.

మెడ కింద ఇంకేదీ కదలకుండా అతను పక్క సందులోనే బతికాడు. తల్లి గంజి తాగించేది, మూతి తుడిచేది. శనివారం సాయంత్రాలు ఇక్కడ తవ్వుతున్న చప్పుడు ఆ ఇంట్లోకి వినిపించేది. అప్పుడు కళ్లు గట్టిగా మూసుకునేవాడని ఆమె చెప్పుకునేది. ఎన్నేళ్లు అలా ఉన్నాడో గురువుగారు చెప్పలేదు. మాకు అడగబుద్ధి కాలేదు.

తాతబాబు సంచి ఒళ్లోకి లాక్కున్నాడు. అయితే ఆ నూనె చెడ్డదంటారా అన్నాడు.

"చెడ్డదేటిరా? ఆడు పోసినయ్యన్నీ మంచి సరుకులే," అని గురువుగారు లేచి అతని చేతికి పలుగు ఇచ్చారు.

అందరం గోదాలోకి దిగాం. తాతబాబు మూడునాలుగు పోట్లు వేశాడో లేదో పలుగు జారింది. ఒక్క నిమిషం కూర్చుంటానన్నాడు. మేం అవతలి మూల వరకూ తిరగేసి వచ్చేసరికి, తవ్విపోసిన మట్టికుప్ప మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. పరుగున దగ్గరికి వెళ్లాను. వంగి చూస్తే పొట్ట లేస్తోంది, దిగుతోంది. నిద్ర. ఆ మనిషి ముఖం అంత వదులుగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

మాలో ఒకడికి జాలేసింది. పాపం చదువుకునే వేళ దాటిపోతోంది, లేచాక మనల్నే తిడతాడు అంటూ పేరు పెట్టి గట్టిగా పిలవబోయాడు. గురువుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"గొంతు తగ్గించండ్రా. మధ్యాహ్నం నేను గది తలుపేసుకున్నాక, జపం చెడుతుందని మీరంతా గుసగుసలాడతారే, అలాగ మాటాడండి."

తర్వాత ఎందుకో మావైపు చూడకుండా, చేతికి అంటిన మట్టిని అవసరం లేనంతసేపు దులుపుకున్నారు.

"అప్పుడు లోపల నేను చేసీదీ ఇదే."