మొండితోక జాడ

అనగనగా ఒక అడవిలో ఒక ఏరు. ఆ ఏటి మలుపులో చాప పరిచినట్టు తెల్లటి ఇసుక తిన్నె. వేసవి వస్తే చాలు, తీతువు పిట్టలు ఆ తిన్నె మీదే గుడ్లు పెట్టేవి. గూడూ లేదు, గీడూ లేదు. ఇసుకలో ఓ గుంట, గుంటలో నాలుగు గుడ్లు, అంతే. మరి అంత బాహాటంగా పెడితే దొంగలు ఊరుకుంటారా?

ఊరుకోలేదర్రా! గరుకయ్య అనే ఉడుము ఒక వేసవిలో తీతువమ్మ గుడ్లు నాలుగూ గుటుక్కున మింగేశాడు. మింగి, అక్కడే పడుకుని నిద్రపోయాడు. ఇంకేం, పట్టుబడ్డాడు.

ఆ అడవి కట్టుబాటు చాలా గట్టిది. గుడ్లు దొంగిలిస్తే తోక సగానికి తెగ్గొట్టి, నాలుగేళ్ళు ఏరు అవతలికి తరిమేస్తారు. కోరయ్య అనే అడవిపంది గరుకయ్య తోక కోరతో తెగ్గొట్టాడు. గరుకయ్య మొండితోకతో ఏరు దాటాడు.

అక్కడ బాగా ఏడ్చాడు. మొదటి ఏడు తోక కోసం ఏడ్చాడు. రెండో ఏడు కడుపు కాలి ఏడ్చాడు. మూడో ఏడు ఒక తల్లి పిట్ట ఖాళీ గుంట చుట్టూ తిరుగుతూ గింజలైనా ముట్టకపోవడం చూశాడు. "అయ్యో, నేను చేసింది ఇదా!" అని ఏడ్చాడు. చూశారా, అదీ అసలైన ఏడుపు.

నాలుగేళ్ళూ నిండాక తిరిగొచ్చి, అడవికి పెద్ద అయిన మూపురయ్య అనే అడవిదున్న ముందు నిలబడ్డాడు.

"పెద్దయ్యా, ఆ తిన్నెకు నన్ను కావలి పెట్టండి. నేను పాడుచేసిన చోటే కాపలా కాస్తాను" అన్నాడు.

పక్కనే ఉన్న కోరయ్య పకపకా నవ్వాడు. "బాగుంది సంబడం! దొంగ చేతికి తాళాలా?"

మూపురయ్య నవ్వలేదు. "శిక్ష అయిపోయింది, నిజమే. నమ్మకం మాత్రం నువ్వే తెచ్చుకోవాలి. ఈ వేసవి దాటేలోగా నీ నేస్తాలు కాని వాళ్ళు అడవిలో ఒక్కరైనా నా ముందుకొచ్చి 'వీడు మారాడు' అని చెప్పాలి. చెప్పారా, కావలి పని నీది. లేదా, మళ్ళీ ఏరు దాటి వెళ్ళిపో. ఇక రావద్దు" అన్నాడు.

గరుకయ్య గుండెలో రాయి పడింది. తన తరఫున మాట్లాడేదెవరు? కనపడిన కుందేలు పొదలో దూరింది. పలకరించిన ఉడుత చెట్టెక్కింది. అందరి చూపూ మొండితోక మీదే.

వాడికి మిగిలిన ఒకే ఒక నేస్తం అలుగు అనే జంతువు. ఒంటినిండా పొలుసులు, మనసునిండా ప్రేమ, బుర్రలో మాత్రం కొంచెం తొందర.

"బావా, నీ కొంపముంచుతోంది ఆ తోకే. ఉండు, దాని సంగతి నేను చూస్తా" అని ఈతనారతో చక్కటి తోక పేనింది. మొండితోకకు గట్టిగా కట్టింది. అబ్బో, ఎంత బారు తోకో!

గరుకయ్య ఆ తోక ఈడ్చుకుంటూ బయల్దేరాడు. కుందేలు, "దండం అన్నా" అంది. ఉడుత కిందికి దిగి కబుర్లు చెప్పింది. నాలుగేళ్ళుగా ఒక మంచిమాట వినని ప్రాణం కదా, గరుకయ్యకు ఒళ్ళు పులకరించింది. అలా తిన్నె దాకా వెళ్ళాడు.

తిన్నె మీద తీతువమ్మ కొత్త గుడ్ల మీద కూర్చుని ఉంది. ఎదురుగా దొంగ. కానీ ఆవిడ గుర్తుపట్టలేదు.

"ఎవరు నాయనా నువ్వు? ఉడుమువే అయినా మంచివాడిలా ఉన్నావు. వెనకటికి ఒకడుండేవాడు, నా నలుగురు పిల్లల్నీ పొట్టన పెట్టుకున్నాడు. వాడి తోక మొండి. నువ్వు వాడివి కాదులే" అంది.

ఊఁ అంటే చాలు, ఆ తల్లే రేపు వాడి తరఫున మాట చెప్పేది. ఏం చేశాడంటారు? వెనక్కి తిరిగి, ఆ ఈతనార తోకను పళ్ళతో కొరికి అవతల పారేశాడు.

"వాడినే నేను, అమ్మా. నీ గుడ్లు తిన్నది నేనే. నీకు కూడా అబద్ధం చెప్పి నేను బాగుపడలేను" అన్నాడు.

తీతువమ్మ గగ్గోలు పెట్టింది. "ఛీ, నీ మొహం చూపించకు! నా గుంటకు పది బారల లోపలికి వచ్చావంటే కళ్ళు పొడిచేస్తా!"

"సరే అమ్మా. పది బారలు" అన్నాడు గరుకయ్య.

ఆ రోజు నుంచి చూడాలి వాణ్ణి! పది బారల దూరంలో గుంట చుట్టూ తిరిగేవాడు. కాకి వస్తే బుసకొట్టేవాడు. కుక్క వస్తే ఎదురెళ్ళేవాడు. ఎవరూ రాకపోయినా తిరిగేవాడు. సాయంత్రం గాలి వీచి ఇసుక మీది అడుగులన్నీ చెరిపేసేది. మర్నాడు మళ్ళీ మొదలు. తీతువమ్మ పలకరించలేదు, వాడూ పలకరింపు కోసం చూడలేదు.

వేసవి చివరికొచ్చింది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఇసుక పెనంలా కాలుతోంది. తీతువమ్మ పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లు చల్లబరుద్దామని ఏటికి వెళ్ళింది. గరుకయ్య ఆ చివర కాకుల గుంపును తరుముతున్నాడు. తీతువమ్మ తిరిగొచ్చేసరికి గుంట ఖాళీ!

ఆవిడ కేకలకు అడవంతా పరిగెత్తుకొచ్చింది. గుంట పక్కన ఇసుకలో అడుగులు. ఉడుము అడుగులు!

"చెప్పానా?" అని అరిచాడు కోరయ్య. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు! ఈసారి తోకంతా తెగ్గొడతా!"

గరుకయ్య ముందుకొచ్చాడు. "నేను కాదు" అన్నాడు. ఎవరు నమ్ముతారు? మూపురయ్య నిట్టూర్చి ఏటి అవతలికి చూశాడు.

అప్పుడు తీతువమ్మ కళ్ళు తుడుచుకుని ఇసుక మీదికి వంగింది. వంగి, గిర్రున తిరిగింది.

"ఆగండి! ఇవి వీడి అడుగులు కావు!"

అందరూ నోరు తెరిచారు.

"కళ్ళు పెట్టి చూడండి! ఈ అడుగుల మధ్య బారుగా ఒక గీత ఉంది. అది తోక ఈడ్చిన గీత. వీడి మొండితోక నేలకు ఎక్కడ తగులుతుంది? అవిగో, దూరంగా ఉన్నాయే గీత లేని అడుగులు, అవీ వీడివి. నేను వీణ్ణి నమ్మలేదు. నమ్మలేదు కాబట్టే రోజూ గాలి వీచకముందు ఆ అడుగులు చూసుకున్నాను. వేసవంతా చూశాను. పది బారలంటే పది బారలే. ఒక్కనాడు, ఒక్క అడుగు లోపలికి పడలేదు. పెద్దయ్యా, నేను చెబుతున్నా. వీడు మారాడు!"

అలుగు నాలిక కరుచుకుంది. ఆ ఈతనార తోకే ఉండి ఉంటే, గరుకయ్య జాడ కూడా అచ్చం దొంగ జాడలాగే ఉండేది కదా!

గరుకయ్యకు ఆనందించే తీరిక లేదు. గీత వెంటే పరిగెత్తాడు. గీత ఒడ్డెక్కి పొద కింద కన్నంలోకి పోయింది. లోపల ఏరు దాటి వచ్చిన బారుతోక ఉడుము ఒకడు నాలుగు గుడ్లూ ముందు పెట్టుకుని నోరు తెరిచాడు. గరుకయ్య వాడి తోక గభాలున కరిచి పట్టాడు. వాడు గింజుకున్నాడు, రక్కాడు, బతిమాలాడు. ఊహూఁ! ఉడుంపట్టు అంటే ఏమిటో ఆ ఉడుముకే తెలిసొచ్చింది. అందరూ వచ్చి గుడ్లు బయటికి తీసేదాకా గరుకయ్య పట్టు వదల్లేదు. నాలుగూ వెచ్చగా ఉన్నాయి, ఒక్కటీ పగల్లేదు.

"తిన్నె కావలి గరుకయ్యదే!" అన్నాడు మూపురయ్య. అడవంతా హోరెత్తింది. కోరయ్య తలదించుకుని ముందుకొచ్చి, "తప్పు నాది, గరుకయ్యా" అన్నాడు. తీతువు కూస్తే కీడని అంటారు కదా? ఆ రోజు తీతువులన్నీ కలిసి గొంతెత్తి కూస్తే అడవికి పండగలా అనిపించింది.

నాలుగు రోజులకు గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. గరుకయ్య యథాప్రకారం పది బారల దూరంలోనే తిరుగుతున్నాడు.

"అక్కడేం చేస్తున్నావు?" అని కేకేసింది తీతువమ్మ. "నేను ఏటికెళ్ళి ఈకలు తడుపుకొస్తా. నువ్వు దగ్గరికి రా. పిల్లల మీద నీ నీడ పడేటట్టు నిలబడు."

గరుకయ్య పది బారలూ నడిచి వెళ్ళి నిలబడ్డాడు. నాలుగు పిల్లలూ వాడి నీడలోకి చేరి, మొండితోకకు ఆనుకుని నిద్రపోయాయి.

నీతి: చేసిన తప్పు దాచుకుంటే అది ఎప్పటికీ మన వెంటే ఉంటుంది, ఒప్పుకుని రోజూ తిన్నగా నడిస్తే, మన అడుగులే మన తరఫున సాక్ష్యం చెబుతాయి.