పాట మధ్యలో ఆగిన చోటు

తనని ముందు వరసలోంచి వెనక్కి ఎందుకు జరిపారో సువార్తకి అర్థం కాలేదు.

సికింద్రాబాద్ స్టేషనుకి దగ్గర్లో ఒక హోటలుండేది. దాని కింది అంతస్తులో క్లబ్బు. సాయంత్రం ఏడున్నరకి బ్యాండు మొదలయ్యేది. నలుగురు అమ్మాయిలు డాన్సు చేసేవారు. వాళ్ళకి నేర్పేదీ, వాళ్ళని కనిపెట్టుకుని ఉండేదీ నఫీసా. అమ్మాయిలంతా అక్కా అన్నట్టు ఆమెని ఆపా అనేవారు. ఆమెకి యాభై దాటాయి. ఆ క్లబ్బులోనే పాతికేళ్ళు ఆడింది. మోకాళ్ళు సహకరించక మానేసి, నేర్పడానికి కుదురుకుంది. శనివారాలు మాత్రం ఒక పాటలో వెనక వరసలో నిలబడేది.

సువార్త తెనాలి నుంచి వచ్చి మూడేళ్ళయింది. నలుగురిలోకీ బాగా ఆడేది తనేనని ఆమెకి తెలుసు. మిగతా ముగ్గురికీ కూడా తెలుసు.

ఒక గురువారం మూడో పాటలో అందరూ కుడికి తిరిగితే, కొత్తగా చేరిన మందాకిని ఎడమకి తిరిగింది. తప్పు తెలిసి, బెదిరిపోయి, ఉన్నచోటే బిగుసుకుపోయింది. ముందు టేబుల్ దగ్గర ఎవరో నవ్వారు. సువార్త క్షణం ఆలోచించలేదు. మందాకినికి అడ్డంగా మధ్యలోకి వచ్చి, పాట అయ్యేదాకా తనొక్కతే అన్నట్టు ఆడింది. హాలంతా చప్పట్లు. మేనేజరు వచ్చి, ఈ పూట మా పరువు కాపాడావన్నాడు. మందాకిని మేకప్ గదిలో గోడవైపు తిరిగి కూచుంది.

ఆపా కూడా ఒక మంచిమాట అంటుందని సువార్త ఎదురుచూసింది. ఆపా తన సంచీ సర్దుకుని ఇంటికెళ్ళిపోయింది. మర్నాడు మధ్యాహ్నం రిహార్సల్లో మందాకినిని ముందు వరసలోనే ఉంచి, సువార్తని వెనక్కి వెళ్ళమంది.

ఆ క్లబ్బులో ఆపా పెట్టిన కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. అరగంట ముందే రావాలి. ఒకరి మేకప్ పెట్టె ఇంకొకరు ముట్టుకోకూడదు. ఏ టేబుల్ నుంచైనా పిలుపొస్తే నవ్వి, దండం పెట్టి, మేనేజరుకి చెప్పాలి గానీ వెళ్ళకూడదు. హాల్లో చూసిన మనిషి పగలు బజార్లో భార్యతో ఎదురైతే ఎప్పుడూ చూడనట్టే దాటిపోవాలి. సువార్త వీటిని ఒకటికి రెండుసార్లు వేళ్ళమీద లెక్కేసుకుంది. తను తప్పింది ఒక్కటీ దొరకలేదు.

చివరికి అడిగేసింది. "ఆపా, నేను చేసిన తప్పేంటి?"

"ఏం తప్పు చెయ్యలే బిడ్డా. మంచిగ ఆడినవ్," అంది ఆపా.

దాంతో సువార్తకి ఇంకా అయోమయమైంది. తప్పు లేకపోతే వెనక్కెందుకు? మంచిగా ఆడితే మందాకిని ముందెందుకు? గ్లాడిస్ ఆ నలుగురిలో పెద్దది, ఆపా దగ్గర తొమ్మిదేళ్ళుగా ఉంది. ఆమెనడిగితే నవ్వి, తనకీ మొదట్లో ఏమీ అర్థమయ్యేది కాదని చెప్పి ఊరుకుంది.

ఆ తర్వాతి వారం ఆబిడ్స్‌లో ఇంకో క్లబ్బు మనిషి కబురు పంపాడు. అక్కడ సువార్త ఒక్కతే ఆడొచ్చు, పక్కన ఎవరూ ఉండరు. ఆదివారం వచ్చి మాట తీసుకుంటానన్నాడు. సువార్త ఈ సంగతి ఆపాకి చెప్పింది. ఆపా కోప్పడుతుందనుకుంది, లేకపోతే ఉండమని బతిమాలుతుందనుకుంది. ఆపా రెండూ చెయ్యలేదు. వెళ్ళేదైతే శనివారం ఆడి వెళ్ళమంది. శనివారం మూడో పాటలో అందరికంటే ముందు, నడిమధ్యన, సువార్తే నిలబడాలని కూడా చెప్పింది.

వెనక్కి నెట్టిన మనిషే, పోయే రోజున ముందుకెందుకు తోస్తోంది? ఇది దీవెనా, ఎత్తిపొడుపా? సువార్త రెండ్రోజులు సరిగ్గా నిద్రపోలేదు.

శనివారం హాలు నిండింది. మూడో పాట ఎత్తుకున్నారు. సువార్త ముందు, వెనక వరసలో గ్లాడిస్, మందాకిని, నాలుగో అమ్మాయి మేరీ, చివర ఆపా. మొదటి చరణం దాకా అడుగులు వాటంతటవే పడ్డాయి. అప్పుడు ఎదుటి స్తంభానికున్న అద్దంలో ఆపా మొహం కనిపించింది. ఆ మొహంలో ఏముందో తెలుసుకోవాలని సువార్త చూసింది. అంతే, తర్వాతి అడుగు ఏదో గుర్తుకు రాలేదు.

కుడిచెయ్యి పైకెత్తి ఉంది. కాళ్ళు కదల్లేదు. వెనకనున్న నలుగురూ ఆడుకుంటూ పోతారు, తను కర్రలా నిలబడి ఉంటుంది, ఎవరో నవ్వుతారు. ఆమెకి అదొక్కటే తోచింది.

ఎవరూ నవ్వలేదు. సువార్త అద్దంలోకి చూసింది. వెనక ఆపా కుడిచెయ్యి పైకెత్తి, కదలకుండా నిలబడి ఉంది. పక్కన మేరీ కూడా. గ్లాడిస్ కూడా. మందాకిని కూడా అలాగే ఉంది. డ్రమ్ములు వాయించే డేనియల్ ఆపా వంక చూసి కర్రలు గాలిలోనే ఆపేశాడు. బ్యాండంతా ఆగింది. హాల్లో చెంచాల చప్పుడు కూడా ఆగింది. ఐదుగురు ఆడవాళ్ళు, ఐదు చేతులు, అంతా నిశ్శబ్దం.

ఎంతసేపో సువార్తకి తెలీదు. వెనకనుంచి ఆపా మడమ నేలమీద ఒక్కసారి తట్టింది. ఆ చప్పుడుకి సువార్త పాదం దానంతటదే లేచింది. డేనియల్ అందుకున్నాడు.

పాట అయ్యాక జనం లేచి నిలబడ్డారు. మేనేజరు మేకప్ గది తలుపు దాకా వచ్చి, ఆ మధ్యలో ఆగడం చాలా బాగుందనీ, ఇకనుంచి రోజూ అలాగే పెట్టమనీ చెప్పి వెళ్ళాడు. ఆపా తలూపి, మోకాలికి నూనె రాసుకుంటూ కూచుంది. సువార్త వెళ్ళి ఆమె ఎదురుగా నేలమీద కూచుంది.

"మీరెందుకు ఆగిపోయారాపా? మీకు అడుగు తెలుసు కదా."

ఆపా ఆశ్చర్యంగా చూసింది.

"నువ్వు ఆగినవ్ కదా బిడ్డా," అంది.

అవతల అద్దం ముందు మందాకిని జడపిన్నులు తీసుకుంటోంది. సువార్త లేచి ఆమె దగ్గరికి వెళ్ళి, మిగిలిన పిన్నులు తనే తీసింది.

ఆదివారం ఆబిడ్స్ నుంచి మనిషి వచ్చాడు. రానని చెప్పింది. ఎందుకని అతను రెండు మూడు విధాలుగా అడిగాడు. "అక్కడ పక్కన ఎవరూ ఉండరు కదా," అంది సువార్త.