రెండో తలుపు

మా హైమవతిగారు దేనికీ సూటిగా జవాబు చెప్పే మనిషి కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుంటూ, ఎక్కడో ఎప్పుడో జరిగిందేదో చెప్పుకుపోతారు. అది మన ప్రశ్నకు ఎక్కడ తగులుతుందో మనమే వెతుక్కోవాలి. వెతుక్కునే ఓపిక లేక ఆవిడ దగ్గర చదువు మానేసినవాళ్లూ ఉన్నారు.

ఆ రోజు అడిగింది సుచరిత. ధ్రువం దాపులనున్న చిత్తడి నేలల గురించి పాఠం నడుస్తోంది. అక్కడ వేల ఏళ్లుగా గడ్డకట్టిన మట్టిలో చచ్చిన నాచు, వేళ్లు, ఆకులు కుళ్లకుండా పడున్నాయని, మట్టి కరిగేకొద్దీ అవి కుళ్లి మీథేన్ లాంటి వాయువులు బుడగలుబుడగలుగా పైకొస్తున్నాయని, ఆ వాయువులే గాలిని ఇంకా వేడెక్కించి ఇంకాస్త మట్టిని కరిగిస్తాయని ఆవిడ చెబుతున్నారు. సుచరిత ఉండబట్టలేకపోయింది.

"మనం బళ్ల పొగ, ఫ్యాక్టరీల పొగ ఆపేస్తే అదీ ఆగిపోతుంది కదమ్మా?"

అడిగినట్టు లేదు. అవునని చెప్పమని బతిమాలినట్టుంది. ఆమెకప్పుడు ఏడో నెల.

హైమవతిగారు కళ్లజోడు తీశారు.

ఆ నేలల్ని కొలవడానికి వెళ్లినప్పుడు ఆవిడ సైబీరియాలో ఓ ఏటి ఒడ్డున ఆయ్తా అనే ముసలమ్మ ఇంట్లో ఉండేవారట. ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ గడ్డకట్టిన నేలలోకి తవ్విన మంచుకొట్టు ఒకటుంటుంది. వేసవిలో పట్టిన చేపల్ని అందులో పేర్చుకుని చలికాలమంతా తింటారు. కొట్టుకు రెండు తలుపులు. మొదటిది తీసి లోపలికెళ్లి, దాన్ని మూశాకే రెండోది తియ్యాలి. రెండూ ఒకేసారి తెరిచి ఉండకూడదు. కొత్త కోడలికి పొయ్యి చూపించకముందే ఈ సంగతి చెబుతారట.

ఆయ్తా కొడుకు ఎర్కెన్. వేసవిలో చేపలు కొనే పడవలు వచ్చేవి. ఒక్కో బుట్టకీ తలుపు తీస్తూ మూస్తూ మోస్తుంటే పడవవాళ్లు కేకలేసేవారు. ఓ ఏడు అతను రెండు తలుపులకూ దుంగలు అడ్డం పెట్టేశాడు.

"ఒరేయ్, రెండో తలుపు!" అని అరిచింది ముసలమ్మ.

"ఈ మంచు మన ముత్తాతకంటే ముసలిదే అమ్మా. దీనికి జలుబు చెయ్యదులే!"

పడవవాళ్లు పడీపడీ నవ్వారు. మరుసటి ఏడూ దుంగలు పెట్టాడు. ఆ పైయేడూ అంతే. ముసలమ్మ అరుస్తూనే ఉంది. వేసవులు కూడా మునుపటిలా లేవు, ఎండ ముదిరింది.

ఒకరోజు కొట్టు గోడ మీద నీటి చుక్కలు కనబడ్డాయి. ఎర్కెన్ ఎవరూ చెప్పకుండానే దుంగలు లాగేసి, రెండు తలుపులూ బిగించి, సందుల్లో నాచు కూరాడు. పడవవాళ్లని తిట్టి పంపేశాడు. ఇక ఆ కొట్టు జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. చలి మొదలైంది. ఏటి అంచులు గడ్డకట్టాయి. అతనికి ప్రాణం కుదుటపడింది.

అప్పుడు ఇంటి కుక్కలు వెళ్లి కొట్టు ముందు కూర్చున్నాయి. తరిమితే మళ్లీ వచ్చి కూర్చుంటున్నాయి. ముసలమ్మ చూసింది. మొదటి తలుపు తీసి లోపలికెళ్లి, రెండో తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇలా రారా. చెయ్యి పెట్టు."

చెక్క గోరువెచ్చగా ఉంది.

"తలుపులు వేశాను కదమ్మా!" అన్నాడు ఎర్కెన్. "బయట ఏరు గడ్డకడుతుంటే లోపల వెచ్చనేమిటి?"

"వేశావురా. నువ్వు వేసేసరికే చేపలు మొదలుపెట్టేశాయి. వాటికిక నీ ఎండతో పనిలేదు."

బిగించి పేర్చిన గుట్ట నడిమధ్య నుంచి కుళ్లింది. ఆ కుళ్లు వేడి పక్కవాటిని కరిగించింది, కరిగినవి తామూ కుళ్లాయి. గోడవార మంచుకు ఆనుకున్న కొన్ని వరసలు మాత్రం ఇంకా రాయిలా ఉన్నాయి. మిగతావన్నీ ఇంటిల్లిపాదీ మోసుకెళ్లి చిత్తడిలో పారబోశారు. ఆ చలికాలం మంచుబండి లాగే జింకల్ని ఒక్కోదాన్నీ కోసుకు తిన్నారు. చలి తగ్గాక ఎక్కడికైనా పోదామంటే బండి లాగేది లేదు.

హైమవతిగారు ఆగారు. సుచరిత రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఉంది.

"అయితే ఆ తలుపు వేసి ఏం లాభమమ్మా?" అంది చివరికి.

ఆవిడ కళ్లజోడు పెట్టుకున్నారు.

"ఎర్కెన్ కూడా అదే అన్నాడు. ముసలమ్మ గోడవార ఇంకా రాయిలా ఉన్న చేపల్ని ఓసారి తడిమి చూసింది. బయటికొచ్చి రెండో తలుపు వేసింది."