పేరయ్యగారి బ్యాట్

బందరులో సోమయాజులుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు. ఏదో చిన్న పని చెప్పి పంపేవారు. వెళ్ళినవాడు తరచు వేరే మనిషై తిరిగొచ్చేవాడు.

విశ్వపతి ఆయన శిష్యుల్లో ఒకడు. యాభై దాటిన రైల్వే గుమాస్తా. దొరల కాలంనాటి క్రికెట్ వస్తువులంటే ప్రాణం పెట్టేవాడు. పాత టోపీలు, చెదలు కొరికిన స్కోరు పుస్తకాలు, జట్ల ఫొటోలు అతని ఇంట్లో రెండు గదులు ఆక్రమించాయి. లేనిదల్లా ఒక్కటే. అరవై ఏళ్ళ కిందట బందరు జట్టు దొరల జట్టుని ఓడించిన రోజున, పోర్టాఫీసు గుమాస్తా దాసరి పేరయ్య నూటపది పరుగులు కొట్టిన బ్యాట్. దానికోసం పదకొండేళ్ళు తిరగ్గా, గుంటూరులో ఓ పాత సామాన్ల కొట్లో, పిడిమీద "డి.పి." అని చెక్కిన బ్యాట్ దొరికింది. కూతురి పురిటికి సెలవు పెట్టనివాడు దానికోసం మూడు రోజులు పెట్టాడు. ఆ మాట భార్య అన్నప్పటి నుంచి అతనికి మనసు మనసులో లేదు.

బ్యాట్‌ని దుప్పట్లో చుట్టి తెచ్చి, "గురువుగారూ, నాకున్నది ప్రేమా, పిచ్చా?" అని అడిగాడు.

"చిలకలపూడిలో పేరయ్యగారి అమ్మాయి ఉంది, మాణిక్యమ్మ. ఆవిడకి చూపించి రా," అన్నారాయన.

విశ్వపతి తెల్లబోయాడు. పేరయ్యకి కూతురుందన్న సంగతే అతనికి తెలియదు.

డెబ్బై దాటిన మాణిక్యమ్మ బ్యాట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. "మా నాయనకి సొంత బ్యాట్ ఎక్కడిది బాబూ? ఆ రోజు దొరల కెప్టెనే తనది ఇచ్చాడు. ఆట కాగానే ఈయన తుడిచి మరీ తిరిగిచ్చేశాడు."

విశ్వపతి అరుగుమీద కూలబడ్డాడు. ఆవిడ మంచినీళ్ళిచ్చి, "ఇంతకీ మా నాయన ఎలా కొట్టేవాడో తెలుసా?" అంది.

"తెలియదమ్మా."

"మరి ఇన్నాళ్ళూ ఏం వెతికావయ్యా?"

ఆవిడ కొంగు నడుముకి దోపి, బ్యాట్ పట్టుకుని పెరట్లో నిలబడింది. "ఆ చెట్టుకింది దబ్బకాయ తీసి వెయ్యి," అంది. అతను బెరుగ్గా వేశాడు. కుడిపక్కకి వెళ్తున్న కాయని ఆవిడ ఆఖరి క్షణంలో మణికట్టు తిప్పి ఎడమపక్కకి తోసింది. అది పక్కింటి వడియాల మంచం కిందనుంచి దూసుకుపోయింది. పక్కింటావిడ తొంగిచూసి, "ఇవాళ ఎన్ని కొట్టావక్కా?" అని మాత్రం అడిగింది.

సాయంత్రం దాకా ఇద్దరూ ఆడారు. నాలుగు దబ్బకాయలు చితికాయి. ఆ మణికట్టు తిప్పడం పట్టుబడేసరికి విశ్వపతి చొక్కా తడిసిపోయింది. వచ్చేటప్పుడు బ్యాట్ ఆవిడ దగ్గరే ఉండిపోయింది. అడిగి తెచ్చుకోవాలని అతనికి తోచలేదు.

"ఎవరిదని తేలింది?" అన్నారు సోమయాజులుగారు.

విశ్వపతి మూలనున్న గొడుగు తీసి, తోటి శిష్యులందరూ చూస్తుండగా కాలు ముందుకు వేసి, మణికట్టు మెల్లగా తిప్పి చూపించాడు. అంత వయసు మనిషి ముఖం పసివాడిలా వెలిగిపోతోంది.

సోమయాజులుగారు మళ్ళీ చేయమన్నారు. రెండోసారి కూడా తృప్తిగా చూశారు.

"రేపు ఇంకెవరికైనా నేర్పు నాయనా," అన్నారు. "దాచుకుంటే పాడైపోతుంది."